శక్తికి నాణెం చూపిన ఆంధ్రుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రోలుగుంట, చోడవరం ప్రాంతాలలో చెరకు నరికే మనిషి ప్రొద్దుటినుంచి ఎండలో కత్తి ఆడించి, మధ్యాహ్నానికి అలసి గట్టుమీద కూలబడుతాడు. ఇంత బెల్లపు ముక్క నోట వేసుకొని చెంబెడు నీళ్లు త్రాగితే, కొంతసేపటికి అతనికి మళ్లీ సత్తువ వస్తుంది. ఇది మనం నిత్యం చూచే సంగతే. అయితే ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఆకలి అవుతున్నదని ఆ మనిషికి ఎవరు చెప్పారు? నోట కరిగిన బెల్లం చేతిలోని బలంగా ఎట్లా మారింది? మొదటిది మెదడుకూ హార్మోనులకూ సంబంధించిన ప్రశ్న. రెండవది కండకు సంబంధించినది. పైకి వేరువేరుగా కనిపించే ఈ రెండు దారులూ చివరకు కణంలోని ఒక చిన్న పదార్థం దగ్గర కలుస్తాయని నేటి శాస్త్రం చెబుతున్నది. ఆ పదార్థాన్ని 1929లో లోకానికి చూపినవారిలో ఒకరు మన తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారి పేరు చెప్పగానే విద్యావంతులకు ఆయన నాయకత్వంలో వెలువడిన మందులు గుర్తుకు వస్తాయి. బోదకాలు మందు, రక్తహీనత మందు, క్యాన్సరు మందు, సూక్ష్మజీవి నాశకమైన మందు, ఇన్నిటితో ఒక్క మనిషికి సంబంధం ఉండటం ఆశ్చర్యకరమే. కాని ఈ మందుల ప్రఖ్యాతి చాటున ఆయన మొదటి కృషి కొంత మరుగునపడింది. మనం తిన్న అన్నం ఏమవుతున్నది అనే ప్రశ్న ఆయనకు పుస్తకంలో ఎదురైనది కాదు, ఇంటిలో ఎదురైనది. అందుచేత ఆ ప్రశ్ననే సూత్రంగా పట్టుకొని ఆయన జీవితాన్ని పరిశీలించడం సముచితం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంవల్ల ముందుగానే ఉద్యోగం విరమించుకొన్నారు. తల్లి వెంకమ్మగారు. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. లేమిలో పెరిగిన పిల్లవాడికి చదువుకంటె ధనార్జనమీద మనసు పోవడం వింత కాదు. పదమూడేండ్ల వయస్సులో కాశీ చేరి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఆ బాలుడు ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెదకించి వెనుకకు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ ప్రయత్నంలోగాని గట్టెక్కలేదు. ఇంతలో తండ్రి పోయారు. పరీక్షలలో తప్పిన పిల్లవాడే తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితంలో మెరిశాడు. అటుపిమ్మట సన్న్యాసం స్వీకరించి రామకృష్ణ మఠంలో చేరాలని సంకల్పించాడు. తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి దీనులకు సేవచేయడం అంతకు తక్కువైన మార్గం కాదని మఠంలోని పెద్దలు నచ్చజెప్పారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాల ప్రవేశించారు.

అది స్వదేశీ భావం దేశాన్ని ఊపివేస్తున్న కాలం. గాంధీజీ పిలుపు విన్న ఈ యువకుడు శస్త్రచికిత్స గదిలో ఖద్దరు దుస్తు ధరించాడు. తెల్లదొర అయిన ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు దక్కింది. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమైంది. వైద్యవిద్యకు అయిన వ్యయంలో మామగారి సాయం కూడ ఉన్నది.

ఆ రోజులలోనే కుటుంబంమీద పిడుగు పడింది. స్ప్రూ అనే ఉష్ణదేశపు వ్యాధి ఆ ఇంట ప్రవేశించింది. మన ఆయుర్వేదం వర్ణించే గ్రహణి లక్షణాలు దీనిలో చాలవరకు కనిపిస్తాయి. ఈ వ్యాధిలో రోగి ఎదుట అన్నం ఉంటుంది, తినగలిగినంత తింటాడు, కాని ప్రేగులు ఆ ఆహారసారాన్ని గ్రహించవు. విరేచనాలు ఆగవు. నాలుక పుండవుతుంది. రక్తం పలుచనవుతుంది. ఒళ్లు నానాటికీ కరిగిపోతుంది. విస్తరి ముందు కూర్చుండికూడ మనిషి పస్తులున్నవానివలె కృశించి చనిపోతాడు. సుబ్బారావుగారి సోదరులిద్దరు ఎనిమిది దినాల వ్యవధిలో ఈ వ్యాధికి బలి అయ్యారు. వైద్యవిద్య నేర్చిన సోదరుడు చేతులు ముడుచుకొని చూడవలసి వచ్చింది. తరువాత ఆ వ్యాధి ఆయనకే సోకింది.

ఆయనను బ్రతికించినది పాశ్చాత్య వైద్యం కాదు; మద్రాసులో పేరుగన్న ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్స. లక్ష్మీపతిగారి సహధర్మచారిణి రుక్మిణీ లక్ష్మీపతిగారు తరువాతి కాలంలో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, 1946లో మద్రాసు రాష్ట్రమంత్రిణి అయిన దేశసేవిక. స్వస్థుడైన సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. ఆయుర్వేదం ఆరోగ్యమంతా అగ్నిమీద ఆధారపడి ఉన్నదంటుంది. అగ్ని మందగిస్తే అమృతం తిన్నా ఒంటబట్టదు. ఆ అగ్ని ఏమిటో, అది దేనిని కాలుస్తున్నదో, కాలగా వచ్చిన శక్తి ఎక్కడ నిలువ ఉంటున్నదో నేటి రసాయనశాస్త్రపు భాషలో చెప్పగలవారు ఆనాడు లేరు.

ఆ విద్యకొరకు ఆయన అమెరికా వెళ్లదలచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం వాగ్దానం చేసింది, మామగారు తోడ్పడ్డారు. 1923 అక్టోబరు 26న బోస్టను నగరంలో అడుగుపెట్టేసరికి చేతిలో సొమ్ము బహుస్వల్పం. హార్వర్డులోని ఉష్ణదేశ వైద్య పాఠశాలలో చేరి, పొట్ట పోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడుగా పనిచేశారు. రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని అది. ఇంటి దగ్గర తాను బయలుదేరిన పిదప పుట్టిన కొడుకు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి కండ్లారా చూడలేదు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని చెప్పి వెళ్లిన భర్తను శేషగిరిగారు మళ్లీ చూడలేదు. మహాపురుషుల జీవితాలను కొనియాడేటప్పుడు ఇటువంటి ఋణాలను లెక్కలో వేయకుండటం న్యాయం కాదు. ఆయన కీర్తిలో సగం మూల్యం ఆ ఇల్లాలు చెల్లించింది.

డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలోని సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతి కావాలి. ఒక రసాయనాన్ని కలిపితే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరపు పరిమాణం చెప్పవచ్చు. 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. వైద్యవిద్యార్థుల పాఠ్యపుస్తకంలో ఒక తెలుగువాని పేరు ఆ విధంగా స్థిరపడింది.

అయితే ఆ పద్ధతి విలువ కొలతతో ఆగిపోలేదు. కండలోని భాస్వరాన్ని కొలువబోతే నీలిరంగు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరయితే పరికరంలో లోపమని త్రోసివేసేవారు. వీరు అట్లా చేయలేదు. కండలో ఏదో ఒక సుకుమారమైన పదార్థం ఉండి, అది విరుగుతూ భాస్వరాన్ని విడిచిపెడుతున్నదని ఊహించారు. వెదకగా వెదకగా 1927లో అది క్రియాటిన్‌తో ఫాస్ఫేటు కలిసిన పదార్థమని తేలింది. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. కండ పనిచేస్తే అది తరుగుతుంది. విశ్రాంతి తీసుకొంటే మళ్లీ పెరుగుతుంది. రెండేండ్ల తరువాత, 1929లో, అదే ప్రయోగశాలనుంచి మరొక పదార్థం బయటపడింది. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, ముద్దుగా ఏ.టి.పి. అంటారు. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు.

ఈ ఆవిష్కరణ ఎంతటిదో తెలియాలంటే అప్పటి సిద్ధాంతాన్ని తలచుకోవాలి. కండకు బలం లాక్టిక్ ఆమ్లంవల్ల వస్తున్నదని అందరూ నమ్మేవారు. కండల శ్రమను పరిశోధించిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ అనే ఇద్దరు పండితులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించి ఉన్నది. 1930లో డెన్మార్కు దేశస్థుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసినప్పటికీ కండ ముడుచుకొంటుందనీ, అప్పుడు తరిగేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపించాడు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ జీవులన్నిటికీ శక్తిని చేరవేసేవి ఈ ఫాస్ఫేటు బంధాలేనని సిద్ధాంతీకరించాడు. బెల్లమైనా, బియ్యమైనా, నేయి అయినా కణంలో కాలి చివరకు ఏ.టి.పి.గా మారవలసిందే. ధాన్యం, పశువులు, బంగారం ఏది ఉన్నా అంగడిలో నాణెంగా మార్చితేనే సరుకు వచ్చినట్లు, శరీరమనే సంతలో చెల్లే నాణెం ఇది ఒక్కటే. శరీరంలో ఏ క్షణంలోనైనా ఉండేది కొద్దిపాటి మాత్రమే; కాని ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ ఒక్క దినంలో చేతులు మారే మొత్తం మనిషి బరువుతో పోల్చదగినంత ఉంటుంది.

ఆయన కథను ఇక్కడ కొంచెం ఆపి, ఈ నాణెం ఆకలితో ఎట్లా ముడిపడినదో చెప్పుకోవాలి. ఆకలిని గురించి సుబ్బారావుగారు ప్రత్యేకంగా పరిశోధన చేయలేదు. ఆ సంబంధం ఆయన గతించిన అనంతరం క్రమక్రమంగా బయటపడింది. ఆకలి కడుపులో పుడుతున్నట్లు మనకు తోచినా, దాని అధికారస్థానం మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ అనే చిన్న ప్రదేశం. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మన దేశస్థుడు బాలకృష్ణ ఆనంద్, జాన్ బ్రోబెక్ అనే ఇద్దరు ఎలుకలలో ఆ ప్రదేశపు ప్రక్కభాగాలను చెరిపి చూశారు. ఆహారం ఎదుటనే ఉన్నా ఆ ఎలుకలు ముట్టక ఆకలిచావు చచ్చాయి. గ్రహణి రోగికి తిన్నది ఒంటబట్టదు. ఈ ఎలుకకు తినాలనే బుద్ధే పుట్టదు. రెండింటి ఫలితమూ ఒక్కటే.

ఆ అధికారికి వార్తలు మోసేవి హార్మోనులు. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం గ్రెలిన్ అనే హార్మోనును పంపి ఆకలిని రేపుతుంది. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఒంట కొవ్వు చాలినంత ఉన్నదని కొవ్వుకణాలు లెప్టిన్ అనే హార్మోనుద్వారా తెలియజేస్తాయి. ఇది 1994లో బయటపడింది. భోజనమైన పిమ్మట క్లోమగ్రంథి విడిచే ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కణాలలోనికి పంపించడమే గాక, తిన్నది చాలునని మెదడుకు కూడ చెబుతుంది. ఇంతవరకు ఇది దూతల కథ. అయితే దూతకు వార్త ఎక్కడిది? ఇక్కడనే సుబ్బారావుగారి నాణెం ప్రవేశిస్తుంది. రక్తంలో చక్కెర పెరిగితే క్లోమంలోని కణాలు దానిని కాల్చి ఏ.టి.పి.ని అధికంగా తయారు చేస్తాయి. ఆ ఏ.టి.పి. కణపు గోడలోని ఒక ద్వారాన్ని మూసివేస్తుంది. ఆ ద్వారం మూసుకొంటేనే ఇన్సులిన్ బయటికి వస్తుంది. 1984లో ఈ కీలు తెలిసింది. మధుమేహానికి చిరకాలంగా వాడుకలో ఉన్న గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు ఈ ద్వారాన్నే మూస్తాయి.

అంతే కాదు. ఏ.టి.పి. ఖర్చయిపోయి, దాని పొట్టు వంటి ఏ.ఎం.పి. పేరుకొన్నప్పుడు మేల్కొనే ఒక ఎంజైము కణాలలో ఉన్నది. ఇది ఇంటి ధాన్యపుకొట్టు అడుగంటినదని గుర్తించే గృహిణి వంటిది. కండలోను, కాలేయంలోను ఇది మేల్కొంటే నిలువచేయడం ఆపి ఉన్నదానిని కాల్చే పని మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్‌లో మేల్కొంటే ఆకలి పుడుతుంది. ఉపవాసం దానిని లేపుతుందనీ, లెప్టిన్, ఇన్సులిన్ జోకొడతాయనీ 2004లో జంతువులపై చేసిన ప్రయోగాలు తెలిపాయి. శారీరక శ్రమ కండలో ఈ ఎంజైమును మేల్కొలుపుతుంది. చక్కెర వ్యాధికి విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడ ఈ ఎంజైమును ఉత్తేజపరచగలదని 2001లో తేలింది. స్థూలకాయంలో లెప్టిన్ రక్తంలో మెండుగా ఉన్నా మెదడు దాని మాట వినడం మానుకొంటుంది. అందువల్ల అతిగా బలిసినవానిని తిండిపోతు అని నిందించి ఊరకుండటం శాస్త్రం కాదు. అతని శరీరంలో జమాఖర్చుల పుస్తకం తారుమారయింది. ఒకనాడు పస్తులకు భయపడిన మన పల్లెలలోనే నేడు మధుమేహం ఇంటింటి మాట అయిన రోజులలో ఈ లెక్క తెలియడం విద్వాంసులకే గాక సామాన్యులకు కూడ అవసరం.

ఇక ఆయన కథకు మళ్లీ వద్దాం. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టం వచ్చింది. ఇంతటి పని చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఈయలేదు. ప్రచారం ఆయన స్వభావంలో లేదు. సభలలో ముందుకు తోసుకొని నిలబడటం ఎరుగరు. ఆ కాలంలోనే ఆయన దృష్టి కాలేయపు సారంమీదికి మళ్లింది. కాలేయం తినిపిస్తే ఒక ప్రాణాంతకమైన రక్తహీనత నయమవుతుందని అప్పటికే తెలుసు. అందులో ఉన్న ఆ గుణమేమిటి? సోదరులను పొట్టన పెట్టుకొన్న వ్యాధిలో కూడ రక్తహీనత ఒక లక్షణమని మరచిపోగలిగినవారు కారు ఆయన.

1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనకు నాయకులయ్యారు. 1941లో టెక్సాసు పరిశోధకులు పాలకూరనుంచి రాబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిన విటమినును, సుబ్బారావుగారి బృందం 1945లో రసాయనికంగా తయారు చేయగలిగింది. అంతకు చాలకాలం ముందు, 1931లో, లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపించింది. ఆ సారంలోని గుణం ఇదేనని ఇప్పుడు స్పష్టమైంది. ఫోలిక్ ఆమ్లాన్ని వైద్యులు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. పుండుపడిన నాలుక మానింది. రక్తం పుంజుకొన్నది. ఆకలి తిరిగి వచ్చింది. తిన్నది ఒంటబట్టసాగింది. ఒక ఇంటిలో ఎనిమిది దినాలలో రెండు ప్రాణాలు తీసిన వ్యాధికి ఆ ఇంటి బిడ్డ బృందం చేతనే మందు తయారైంది. ఆ సోదరులు మరికొన్నేండ్లు తాళి ఉంటే అనే ఆలోచన ఆయన హృదయంలో ఎంతగా మెదలి ఉంటుందో ఊహించుకోవలసినదే. కాలేయంలో ఆయన మొదట వెదకిన అసలు పదార్థం మాత్రం వేరు. అది బి12 విటమిను. దానిని 1948లో ఇతరులు వేరుచేశారు. ఒక నిధికొరకు త్రవ్వినవానికి మరొక నిధి దొరకడం శాస్త్రంలో తరచు జరిగేదే.

అక్కడితో కథ ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం కణవృద్ధికి అవసరమయితే, దానిని పోలిన దొంగ పదార్థాన్ని ఇచ్చి దుష్టకణాల వృద్ధిని అరికట్టవచ్చు గదా! బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యునికి సుబ్బారావుగారి బృందం అమినోప్టెరిన్ అనే అటువంటి మందును అందించింది. రక్తక్యాన్సరుతో మృత్యుముఖంలో ఉన్న పదహారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలమైనా ఉపశమనం కలిగినట్లు 1948లో ఫార్బర్ ప్రకటించాడు. దాని సోదరమైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకూ, కీళ్లవాతానికీ వాడుకలో ఉన్నది. 1947లో ఆ ప్రయోగశాల వెలువరించిన హెట్రజాన్ బోదకాలు క్రిములను సంహరించే మందు. ఉత్తరాంధ్ర తీరంలోను, గోదావరి మండలాలలోను బరువెక్కిన కాలిని ఈడ్చుకొంటూ బ్రతికినవారిని ఎరిగిన మనకు ఆ మందు విలువ వేరే చెప్పనక్కరలేదు. 2004లో మన దేశంలో ఊరూరా ఏటేటా మింగించడం ఆరంభించిన మాత్ర ఇదే. వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆ ప్రయోగశాలలోనే మట్టినుంచి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని వెలికితీశాడు. ఇది 1948లో లోకానికి వెల్లడి అయింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది.

ఆ 1948వ సంవత్సరమే ఆగస్టు నెలలో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఇరవైఐదేండ్లు ఆ దేశంలో ఉండికూడ ఆయన అక్కడి పౌరసత్వం స్వీకరించలేదు. స్వతంత్ర భారతాన్ని కండ్లతో చూడనూ లేదు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. హార్వర్డులో ఆయనతో కలిసి పనిచేసిన జార్జి హిచింగ్స్ 1988లో ఆ గౌరవం పొందాడు. ఏ.టి.పి. శరీరంలో ఎట్లా తయారవుతుందో వివరించినవారికి 1997లో నోబెల్ లభించింది. ఒక బూజుజాతికి 1953లో సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించింది. ఇంతటి మనిషికి ఈ గౌరవాలు చాలునా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

అయినప్పటికీ ఆయన స్మృతికి అసలైన చోటు వేరే ఉన్నది. రక్తంలో చక్కెర చూపించుకోవడానికి ఆసుపత్రి బల్లమీద వరుసగా కూర్చున్నవారిలోను, గర్భవతి అయినప్పటినుంచి ఫోలిక్ మాత్ర మింగే పల్లెపడుచులోను, ఆకలికి ఏడ్చే బిడ్డకు అన్నం కలిపి ముద్దపెట్టే తల్లిలోను ఆయన కృషి కనబడకుండా పనిచేస్తున్నది. అన్నం విస్తరిలో ఉన్నంతమాత్రాన మనిషి బ్రతకడు; అది కణంలో శక్తిగా మారాలి, ఆ శక్తి ఎంత ఉన్నదో మెదడుకు తెలియాలి. ఈ సత్యాన్ని సోదరుల మరణంలో దుఃఖంగా నేర్చుకొన్న యువకుడే, పరదేశంలో ఒక సీసాలోని నీలిరంగు ఆలస్యంగా చిక్కబడటాన్ని గమనించి, దానిని శాస్త్రంగా మార్చాడు. ఓపికతో చూచే కన్నుకు చిన్న తేడాకూడ పెద్ద సత్యాన్ని విప్పి చెబుతుందని మన విద్యార్థులు ఆయన జీవితంనుంచి గ్రహించగలిగితే, ఆంధ్రదేశం ఆయన ఋణంలో కొంతైనా తీర్చుకొన్నట్లవుతుంది.